కచ్ఛపి కంపెనీకి సన్మానపత్రం

జగ్గయ్యపేటలో ఎవరు రిటైరైనా, ఎవరికి బదిలీ అయినా పూలదండ, శాలువ, పళ్లబుట్టతోపాటు రాజరాజేశ్వరి రాసిన సన్మానపత్రం ఉండి తీరాలి. శాలువ మరిచిపోయిన సభలున్నాయి గానీ పత్రం మరిచిపోయిన సభ లేదు. ఆఫీసు అటెండర్ల దగ్గర్నుంచి సిమెంటు ఫ్యాక్టరీ పెద్దల దాకా ఆవిడ పొగడనివాళ్లు ఊళ్లో తక్కువ.

ఆ పత్రాలన్నిటినీ ఆవిడ ముక్త్యాల రోడ్డులో తన ఇంటి ముందుగదిలో కూర్చుని ఒకే ఒక్క యంత్రం మీద రాసేది. నల్లగా, బరువుగా, మూత వేస్తే వంటింటి పీటలా ఉండే పాత లాప్‌టాప్ అది. పేరు కచ్ఛపి. హైదరాబాదులో రామచంద్రమూర్తి అనే ఇంజనీరు తెలుగు మీటలున్న లాప్‌టాప్ ఒకటి తయారుచేసి, ఒళ్లో పెట్టుకునేది కాబట్టి సరస్వతీదేవి వీణ పేరు పెట్టాడు. కంపెనీకీ అదే పేరు. కచ్ఛపి అంటే ఆడతాబేలు అనే అర్థం కూడా ఉందని ఎవరో పండితుడు చెప్పాక కొన్నవాళ్లంతా దాన్ని తాబేలనే పిలిచారు. మూత తీశాక అది మేలుకోవడానికి పట్టే సమయం కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది.

1998లో ఆ యంత్రం సిమెంటు ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు కోసం వచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోవడానికి భయపడి, రెండు నెలలు టేబుల్ మీద అలంకారంగా ఉంచి, చివరికి తన స్టెనో రాజరాజేశ్వరి వైపు తోసేశాడు. ఆవిడ పదిహేను రోజుల్లో దాన్ని లొంగదీసింది. పెట్టెలో ఒక అట్టకార్డు కూడా ఉంది. దాని మీద, "ఈ యంత్రం ఉన్నన్నాళ్లూ దీన్ని పనిచేయించే పూచీ మాది" అని అచ్చువేసి, కింద రామచంద్రమూర్తి సిరాతో సంతకం పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత రిటైరైనప్పుడు ఫ్యాక్టరీవాళ్లు ఆ లాప్‌టాప్‌ని పాతసామాను కింద వేస్తుంటే, ఆవిడ అడిగి ఇంటికి తెచ్చుకుంది. కార్డు కూడా తెచ్చుకుంది.

ఆవిడ సన్మానపత్రాలకు ఇంకో సంగతి ఉంది. అది ఊళ్లో ఎవరికీ తెలియదు. పిల్లలచేత సుద్దముక్కని నాలుగు ముక్కలు చేయించి, వాడాక ముక్కల్ని తిరిగి లెక్కపెట్టించుకునే ఒక హెడ్మాస్టరు రిటైరైనప్పుడు ఆవిడ ఇలా రాసింది:

*పిన్నల భవిత కోసం బతుకంతా పాటుపడి,*
*సిరులకు ఆశపడని ఋషితుల్యులై,*
*నాలుగు దశాబ్దాలు బడినే గుడిగా కొలిచి,*
*రిక్తహస్తాలతో ఎవరినీ పంపని దానకర్ణులు మీరు.*

సభలో చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. పత్రాన్ని హాల్లో గోడకి తగిలించి, రోజూ గుడ్డతో తుడుస్తున్నాడు. వరసల మొదటి అక్షరాలు పైనుంచి కిందికి చదవాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు, ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్లకీ రాలేదు. ఎవరి మీదా ద్వేషంతో చేసింది కాదది. అందర్నీ పొగిడి పొగిడి నోరు తియ్యగా అయిపోయినప్పుడు ఆవిడ కొరుక్కునే పచ్చిమిరపకాయ, అంతే. మంచివాళ్ల పత్రాల్లో మొదటి అక్షరాలకు ఏ అర్థమూ ఉండేది కాదు.

ఈ రహస్యం కనిపెట్టినవాడు ఒక్కడే, భవానీప్రసాద్. నందిగామ మనిషి. కచ్ఛపి కంపెనీ విజయవాడ సర్వీసు సెంటర్‌లో పనిచేసేవాడు. తాబేలుకి జబ్బు చేసినప్పుడల్లా సంచీ భుజాన వేసుకుని బస్సులో జగ్గయ్యపేట వచ్చేవాడు. అతనికి ఆదివారం పేపర్లో గళ్లనుడికట్టు నింపే అలవాటు. అందుకని కాగితం ఏదైనా ముందు అడ్డంగా చదివి తర్వాత నిలువుగా కూడా చదువుతాడు. ఒకరోజు రిపేరు చేస్తూ పక్కన పడేసిన చిత్తుప్రతి చూసి, స్క్రూ తిప్పడం ఆపేసి, చాలాసేపు భుజాలు ఎగిరేలా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావని ఆవిడా అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కొత్త పత్రాలేమైనా ఉన్నాయా మేడంగారూ అని అడిగి చూసి వెళ్లేవాడు.

కచ్ఛపి కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. 2004లో రామచంద్రమూర్తి దాన్ని జెన్‌వెస్టా అనే పెద్ద సంస్థకి అమ్మేశాడు. కొత్తవాళ్లు విజయవాడ సెంటరు మూసేసి, మిగిలిన విడిభాగాలన్నీ చెత్తలో వేసి ఇంటికి వెళ్లమని భవానీప్రసాద్‌కి ఒక్క వాక్యంలో కబురు పెట్టారు. అతను ఇంటికి వెళ్లాడు గానీ విడిభాగాలు చెత్తలో వెయ్యలేదు. మూడు ఎరువుల గోతాల్లో కుక్కి, బస్సు టాప్ మీద వేయించి నందిగామ తెచ్చుకున్నాడు. రైతుపేటలో పురుగుమందుల కొట్టు పెట్టి, ఆ గోతాలు వెనకగదిలో అటక మీద పడేశాడు.

పోయిన ఏడాది వేసవిలో తాబేలు స్క్రీన్ ఉన్నట్టుండి చీకటైపోయింది. లోపల యంత్రం నడుస్తోంది, టార్చిలైటు వేసి దగ్గరగా చూస్తే అక్షరాలు లీలగా కనబడుతున్నాయి. స్క్రీన్ వెనకుండే దీపం పోయింది. రాజరాజేశ్వరి ఎడంచేత్తో టార్చి పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరం కొడుతూ ఒక పోస్టుమాస్టరుగారి పత్రం పూర్తిచేసింది గానీ మెడ పట్టేసింది. బజార్లో రిపేరు కొట్టుకి తీసుకెళితే వాళ్లు దాన్ని చూసి ఫొటోలు తీసుకున్నారు తప్ప విప్పడానికి సాహసించలేదు.

అప్పుడావిడ భవానీప్రసాద్‌కి ఫోన్ చేసింది. సంగతంతా విని అతను, "దీపం ఉందండీ. మూడు ఉన్నాయి," అన్నాడు. "కానీ ఇవ్వను. ఆ పూచీ కంపెనీది. వాళ్లు నన్ను అడగాలి. కాగితం మీద అడగాలి. మీరు అడిగించండి, మరుక్షణం వేస్తా."

ఇంకొకరైతే కోప్పడేవాళ్లు. ఆవిడకి మాత్రం ఆ మాట నచ్చింది. కార్డు తీసి జిరాక్సు తీయించి, జెన్‌వెస్టావారికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కమని, మూడు నొక్కమని, చివరికి అలాంటి వస్తువేదీ తమ జాబితాలో లేదని చెప్పారు. ఉత్తరం పంపిన ప్రతిసారీ నాలుగోరోజున, మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఫోన్‌కి మెసేజీ మాత్రం తప్పకుండా వచ్చేది. అలా పదకొండు ఉత్తరాలు వెళ్లాయి. పదకొండుసార్లు సమస్య పరిష్కారమైంది. టార్చిలో బ్యాటరీలు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది.

పన్నెండో ఉత్తరం సగంలో ఉండగా ఇంటి ముందు హైదరాబాదు కారొకటి ఆగింది. దిగిన అమ్మాయి పేరు నీహారిక, జెన్‌వెస్టా ఆఫీసులో ఉత్సవాల పని చూస్తుంది. పదకొండు ఉత్తరాలకీ క్షమాపణ చెప్పడానికి వచ్చిందేమో అని రాజరాజేశ్వరి కాఫీ కలిపింది. తీరా కూర్చున్నాక తెలిసింది, ఆ అమ్మాయి ఆ ఉత్తరాలు వారం క్రితమే మొదటిసారి చూసింది. కచ్ఛపి కంపెనీ పుట్టి ముప్పై ఏళ్లయిన సందర్భంగా సంస్థ పెద్ద సభ పెడుతోంది. స్టేజీ మీద చూపించడానికి పనిచేసే కచ్ఛపి ఒక్కటి కావాలి. హెడ్డాఫీసులో ఒక్కటి కూడా లేదు. ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంటే ఫిర్యాదుల డబ్బాలో ఈవిడ అడ్రసు పదకొండుసార్లు దొరికింది. దీన్ని ఇచ్చేస్తే బదులుగా రేకులా పల్చటి కొత్త లాప్‌టాప్ ఇస్తామని చెప్పి, బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

రాజరాజేశ్వరి కొత్తదాన్ని తిప్పి చూసి, దీని మీద కాఫీగ్లాసు పెట్టుకోవచ్చా అని అడిగింది. తర్వాత అట్టకార్డు తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టింది.

"నాకు మార్పిడి వద్దమ్మాయ్. చదువు. ఉన్నన్నాళ్లూ అని రాసుంది. ఇది ఉందా లేదా?"

నీహారిక కార్డు చదివింది. తాబేలు వంక చూసింది. "ఉందండీ," అంది నెమ్మదిగా.

దీపం ఎక్కడ దొరుకుతుందో కూడా ఆవిడే చెప్పింది. ఇద్దరూ తాబేలుని తీసుకుని అదే కారులో నందిగామ వెళ్లారు. భవానీప్రసాద్ వాళ్లని పురుగుమందుల డబ్బాల మధ్య స్టూళ్ల మీద కూర్చోబెట్టి, మిరపతోటకి మందు కొనడానికి వచ్చిన రైతులిద్దర్నీ పంపించి, అప్పుడు తీరిగ్గా, కాగితం తెచ్చారా అని అడిగాడు. నీహారిక హైదరాబాదుకి ఫోన్ మీద ఫోన్ చేసింది. గంట తర్వాత ఎవరో పై అధికారి పంపిన ఉత్తరాన్ని పక్కనున్న జిరాక్సు కొట్లో ప్రింటు తీసి తెచ్చింది. అందులో, మా యంత్రాన్ని బాగుచేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాము అని ఉంది. భవానీప్రసాద్ అది రెండుసార్లు చదివాడు. అతని మొహంలో వెటకారం పోయి ఇంకేదో వచ్చింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నిచ్చెన వేసుకుని అటకెక్కాడు.

మందు వాసన కొట్టే గోతంలోంచి, దినపత్రికలో చుట్టిన అగ్గిపుల్లంత సన్నటి గాజుదీపం వచ్చింది. స్క్రూలన్నీ ఏ వరసలో తియ్యాలో అతని వేళ్లకి ఇంకా గుర్తుంది. అరగంటలో స్క్రీన్ తెల్లగా వెలిగింది. రాజరాజేశ్వరి టార్చి స్విచ్ ఆపి చేతిసంచీలో వేసుకుంది.

ఆ వెలుగు చూశాక నీహారికకి ఇంకో ఆలోచన వచ్చింది. సభలో ఛైర్మన్ హరిచరణ్‌గారికి ఒక సన్మానపత్రం సమర్పిస్తే బావుంటుంది, అదీ ఈ యంత్రం మీదే రాసి పెద్ద తెర మీద చూపిస్తే ఇంకా బావుంటుంది, మీరు రాస్తారా అని అడిగింది. రాజరాజేశ్వరి కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టింది. తాబేలుతోపాటు తనూ రావాలంది, ప్రసాద్‌గారు కూడా రావాలంది. నీహారిక అన్నిటికీ ఒప్పుకుంది. భవానీప్రసాద్ ఎందుకో వెనక్కి తిరిగి డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అతని భుజాలు ఎగురుతున్నాయి.

సభ హైదరాబాదులో ఒక హోటల్లో పగటిపూట జరిగింది. స్టేజీ మీద గాజుబల్ల, బల్ల మీద తాబేలు, వెనక గోడంత తెర. నలభై అయిదేళ్ల హరిచరణ్ కోటు వేసుకుని కూర్చున్నాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ చదవడం రాదు. మొదటి వరసలో ఎనభై నాలుగేళ్ల రామచంద్రమూర్తి ఉన్నాడు. సంస్థతో సంబంధం పోయి ఇరవై ఏళ్లయినా పుట్టించినవాడు కదా అని పిలిచారు. రాజరాజేశ్వరి మైకు ముందు నిలబడి, తెర మీద వెలిగిన అక్షరాల్ని తనే చదివింది:

*జనహితమే ధ్యేయంగా సంస్థను నడిపిస్తున్న సారథీ,*
*వాణిజ్యంలో ధర్మాన్ని, ధర్మంలో దయను నిలిపిన ధీమంతా,*
*బుద్ధిబలంతో కీర్తిశిఖరాలు అధిరోహించిన కార్యశూరా,*
*రాత్రింబవళ్లు వినియోగదారుల క్షేమమే కలవరించే కరుణామయా,*
*దుర్లభమైన మీ దర్శనం మాకు పూర్వజన్మ సుకృతం.*

చప్పట్లు చాలాసేపు మోగాయి. హరిచరణ్ లేచి నమస్కారం పెట్టాడు. రాజరాజేశ్వరి కొంగు సర్దుకుంటూ కిందికి చూసింది. చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే కనిపించాడు. రామచంద్రమూర్తి. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని తెర వైపు చూస్తున్నాడు. తల అడ్డంగా కదలడం లేదు. పైనుంచి కిందికి, ఐదు మెట్లు దిగినట్టు కదిలింది.

ఆవిడ ఇన్నేళ్లలో మొదటిసారి, ఇంత పెద్ద సభలో, ఇంత పెద్ద అక్షరాల్లో దొరికిపోయింది. ముసలాయన మెల్లగా లేచి మైకు అడిగాడు. పక్కన కూర్చున్న భవానీప్రసాద్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంత అర్థవంతమైన పత్రం నేనెప్పుడూ చూళ్లేదండీ," అన్నాడు రామచంద్రమూర్తి. "ఛైర్మన్‌గారికి ఒక్కటే మనవి. దీన్ని మీ గదిలో దాచుకోకండి. పెద్ద అక్షరాల్లో రాయించి, ఫోన్లు ఎత్తే అమ్మాయిలూ అబ్బాయిలూ కూర్చునే హాల్లో పెట్టించండి. రోజూ చూసుకుంటూ పనిచేస్తారు."

హరిచరణ్ ఎంతో సంతోషించి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

భోజనాల దగ్గర ముసలాయన పళ్లెం పట్టుకుని ఆవిడని వెతుక్కుంటూ వచ్చాడు. తెలుగు మీటలు తయారుచేసినప్పుడు మూడేళ్లపాటు ప్రతి మాటనీ అక్షరాలుగా విడదీసి చూశాననీ, ఆ రోగం ఇంకా తగ్గలేదనీ చెప్పాడు. ఆవిడ తప్పయితే క్షమించమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ కార్డు మీద వాక్యం రాసింది నేనమ్మా. అమ్మేటప్పుడు అది కూడా కాగితాల్లో పెట్టమని అడిగా. పెట్టనన్నారు. అయినా అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టేసా. మీరు అడిగింది వాళ్లని కాదు, నన్ను."

రాజరాజేశ్వరి ఆయన పళ్లెంలో ఇంకో గారె వేసింది.

పత్రం నెల తిరక్కుండానే ఇత్తడి రేకు మీద చెక్కించి హాల్లో గోడకెక్కింది. అక్కడ పనిచేసే మహిమ అనే అమ్మాయి, ఫోన్‌లో ఎవరో అరుస్తుంటే ఊరికే గోడ వంక చూస్తూ కూర్చున్నప్పుడు అది ఆమె కంటపడింది. సాయంత్రానికి హాలంతా పాకింది. ఛైర్మన్‌కి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కానీ ఆ రేకు కింద కూర్చుని ఫోన్ ఎత్తకుండా ఉండడం వాళ్లకి ఇబ్బందిగా తయారైంది. ఉత్తరాలకి జవాబులు వెళ్లడం మొదలైంది. సమస్య పరిష్కారం కాకముందే అయిందని మెసేజీలు పంపడం ఆపేశారు.

రెండు నెలల తర్వాత ఛైర్మన్‌కి తెలియనే తెలిసింది. నీహారిక ఫోన్ చేసి, తన ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుందని చెప్పింది. రాజరాజేశ్వరికి ఆ మాట గుచ్చుకుంది. తన సరదాకి ఆ పిల్ల బలైపోతుందనుకోలేదు. వెంటనే హరిచరణ్ నంబరు తీసుకుని తనే ఫోన్ చేసింది. రాసింది తనేననీ, ఆ అమ్మాయికి ఏమీ తెలియదనీ, శిక్షేదైనా ఉంటే తనకే వెయ్యమనీ చెప్పింది.

"అక్షరాలు అలా పడ్డం పొరపాటేమో అనుకున్నా మేడం," అన్నాడాయన.

"నా పత్రాల్లో పొరపాట్లుండవండీ."

ఆయన నవ్వలేదు. ఆ పదకొండు ఉత్తరాలు తెప్పించి ఎవరిచేతనో చదివించుకున్నాననీ, తొమ్మిదో ఉత్తరంలో మెడనొప్పి సంగతి దగ్గర ఆపేయమన్నాననీ చెప్పాడు. రేకు తీయించేద్దామనుకుంటే, తీస్తే ఎందుకు తీశారని అందరూ అడుగుతారని మూర్తిగారు అన్నారట. కాబట్టి అది ఉంటుంది. నీహారిక కూడా ఉంటుంది. మీ యంత్రానికి ఇకముందు ఏం కావాలన్నా చేయిస్తానన్నాడు.

పెద్ద సంస్థలు చిన్న పని చెయ్యలేవు కాబట్టి అది కూడా పద్ధతి ప్రకారమే జరిగింది. రైతుపేటలో భవానీప్రసాద్ పురుగుమందుల కొట్టు మీద, కచ్ఛపి కంప్యూటర్లకు అధీకృత సర్వీసు సెంటర్ అని నీలిరంగు బోర్డు వెలిసింది. రాష్ట్రం మొత్తానికి ఉన్న యంత్రం ఒకటి, దానికి సెంటరొకటి. ఆ బోర్డు చూసి జనం మిక్సీలు, సెల్‌ఫోన్లు, ఒకాయనైతే స్ప్రేయరు కూడా పట్టుకొచ్చారు. స్ప్రేయరు మాత్రం భవానీప్రసాద్ బాగుచేసి పంపాడు.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం రాజరాజేశ్వరి ఆ బోర్డు చూడ్డానికని బస్సెక్కి నందిగామ వచ్చింది. ఇద్దరూ టీ తాగుతుండగా మైలవరం నుంచి జాయిస్ అనే టీచరు, దుప్పట్లో చుట్టిన మూటొకటి రెండు చేతులతో మోసుకుంటూ కొట్లోకి వచ్చింది. బోర్డు సంగతి తమ బంధువులెవరో ఫొటో తీసి పంపారట. మూట విప్పి కౌంటరు మీద పెట్టింది. నల్లగా, బరువుగా, పీటలా ఉంది. మూత తీస్తే తెలుగు మీటలు.

భవానీప్రసాద్ టీగ్లాసు కింద పెట్టి, బట్టతో మీటల మీద దుమ్ము తుడిచాడు. ఏం జబ్బు అని అడిగాడు. స్క్రీన్ చీకటిగా ఉంటోందని చెప్పింది జాయిస్. దీపం పోయిందనీ, అది తన దగ్గరుందనీ, కూర్చోమనీ అన్నాడతను. కొత్తపెళ్లికొడుకులా అతని మొహం వెలిగిపోతోంది.

"మరి మిగతావి ఎప్పుడు తెమ్మంటారండీ?" అంది జాయిస్ స్టూలు మీద కూర్చుంటూ. "స్కూలు స్టోర్‌రూంలో ఇంకా ఆరున్నాయి. అన్నీ చీకటే."

అటక మీద మిగిలినవి రెండే దీపాలు. భవానీప్రసాద్ పైకి చూశాడు, రాజరాజేశ్వరి వైపు చూశాడు. ఆవిడ టీ ఆఖరి గుక్క తాగి, పక్క కొట్టుకి వెళ్లి తెల్లకాగితాలు కొనుక్కొచ్చింది.